మారిషస్‌కి ఉద్యోగానికి వెళ్తున్న మా తమ్ముడి కూతురికి

అమ్మాయ్,

అక్కడ ఆఫీసులన్నీ ఉండే ఎబెన్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నేను అక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో అద్దకం సెక్షన్ చూస్తూ చాలాకాలం ఉన్నాను కాబట్టి, సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలో నీకు రాయమన్నాడు. ఆ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. గొడుగు, స్వెటర్ పెట్టుకో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ చలికాలం, ఇల్లు ఎత్తు మీదున్న క్యూర్‌పిప్ ఊరి వైపు తీసుకున్నావంటే వానా చలీ కలిసి వస్తాయి. మిగతావన్నీ, పప్పు దగ్గర్నుంచి కరివేపాకు దాకా, అక్కడే దొరుకుతాయి.

నేను రాయాలనుకున్నది ఆ దేశాన్ని ఎలా తెలుసుకోవాలో. మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళలో కొందరికి అదొక బీచ్, హనీమూన్‌కి వెళ్ళే చోటు. ఇంకొందరికి అదొక చిన్న ఇండియా, గుడి కనిపించగానే అంతా మనవాళ్ళేనని భుజాలు తట్టేస్తారు. రెండూ తప్పే. మహా అయితే 2,000 చదరపు కిలోమీటర్ల నేల, 12 లక్షల పైచిలుకు జనం, అంతా కలిపి మన జిల్లా ఒక్కటంత కూడా ఉండదు. కానీ అక్కడి మనుషులు ఆ దేశాన్ని వాళ్ళే కట్టుకున్నారు, వాళ్ళకి వాళ్ళ చరిత్ర ఉంది. నేర్చుకునేదానిలా వెళ్ళు, చుట్టం చూపుకి వచ్చినదానిలా వెళ్ళకు.

మొదట చెరుకు గురించి తెలుసుకో. ఎందుకంటే అక్కడ ఏ ప్రశ్న వేసినా జవాబు తిరిగి తిరిగి చెరుకు తోటలోకే వెళ్తుంది. ఆ ద్వీపంలో మొదట్నుంచీ ఉన్న జనమంటూ లేరు. 1598లో డచ్చివాళ్ళు దిగారు, 1639లో జావా నుంచి చెరుకు తెచ్చి నాటారు, 1710లో వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు, బానిసల్ని తెచ్చారు, ఇప్పటి రాజధాని పోర్ట్ లూయిస్ కట్టారు. 1810లో బ్రిటిష్‌వాళ్ళు గెలిచారు గానీ, లొంగిపోయేటప్పుడు ఫ్రెంచి దొరలు ఒక మాట తీసుకున్నారు: మా చట్టం, మా మతం, మా ఆస్తులు మావే. అందుకే జెండా మారింది గానీ ఎస్టేట్ల యజమానులు మారలేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఈ రోజుకీ అక్కడి భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో, పేపర్లు ఎందుకు ఫ్రెంచిలో వస్తాయో నీకు అర్థమవుతుంది. 1825లో ఇంగ్లండు మారిషస్ చక్కెర మీద సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేసింది. ఇక అక్కడి నుంచి అడవి కొట్టడం, చెరుకు నాటడం, అంతే.

రోడ్డు మీద వెళ్తుంటే చెరుకు తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి, కొన్ని మేడంత ఎత్తుంటాయి. టూరిస్టులు ఫోటో తీసుకుని పోతారు. నువ్వు కాసేపు ఆగి చూడు. అది అగ్నిపర్వతం నేల, ఎక్కడ తవ్వినా రాయే. ఆ రాళ్ళని మనుషులు చేతులతో ఏరి అక్కడ పేర్చారు, ముందు బానిసలు, తర్వాత కూలీలు.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. అప్పటికి అక్కడ సుమారు 66 వేల మంది బానిసలు ఉన్నారు. నష్టపరిహారం ఇచ్చారు, దాదాపు 20 లక్షల పౌండ్లు, అది కూడా యజమానులకి! పని చేసినవాళ్ళకి దమ్మిడీ లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. రద్దుకి కొంచెం ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలు దిగారు. బానిసలు లేకుండా తోటలు నడుస్తాయా అని బ్రిటిష్‌వాళ్ళు చేసి చూసిన ప్రయోగం అది. మారిషస్‌లో ఫలించాకే ట్రినిడాడ్‌కీ, గయానాకీ, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కీ, ఫిజీకీ అదే దారి పట్టించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ పద్ధతి ఆగేదాకా సుమారు 4.5 లక్షల మంది ఆ రేవులో దిగారు.

అందుకని మొదటి సెలవు రోజున పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్ళు. వచ్చిన కూలీల్ని దించుకోవడానికి 1849లో కట్టిన డిపో. ఓడ దిగినవాళ్ళు ఎక్కిన 16 మెట్లు ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో జాబితాలో చేరింది. కానీ అమ్మా, ఘాట్ ఒక్కటే చూసి వచ్చేస్తే సగం చూసినట్టు. నైరుతి మూల లె మోర్న్ కొండ ఉంది. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది, 2008లో దాన్నీ యునెస్కో గుర్తించింది. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి సిపాయిలు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మనవాళ్ళు ఘాట్‌కి వెళ్తారు, లె మోర్న్‌కి బీచ్ కోసం వెళ్తారు. నువ్వు అలా చెయ్యకు.

కూలీ బతుకు ఎలా ఉండేదో ఘాట్ దగ్గరి మ్యూజియంలో చదువుతావు, అయినా ఒక్కటి చెప్తాను. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. జ్వరమొచ్చినా అంతే. 1867 చట్టంతో, ఒప్పందం పూర్తయినవాళ్ళు కూడా ఫోటో అంటించిన పాస్ పట్టుకు తిరగాలి, లేకపోతే దేశద్రిమ్మరి అని జైల్లో పెట్టేవారు. దాని మీద 1871లో 9,401 మంది కూలీలు సంతకాలతో అర్జీ పెట్టారు. దాన్ని నడిపించినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లాయన, అందుకు ఆయన్ని నడివీధిలో కొట్టారు కూడా. లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది. ఆ తర్వాత చక్కెర ధర పడిపోయి ఎస్టేట్ల వాళ్ళు అంచుల్లో ఉన్న భూముల్ని ముక్కలు చేసి అమ్ముకుంటుంటే, కూలీలు పైసా పైసా కూడబెట్టి కొనుక్కున్నారు. అక్కడి పల్లెలు చాలా వరకు అలా పుట్టినవే. 1948 ఎన్నికల ముందు, వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా కాస్త చదవడం రాయడం వస్తే ఓటు అన్నారు. 12 వేల లోపు ఉన్న ఓటర్లు ఒక్కసారిగా 70 వేలు దాటారు. పగలంతా చెరుకు కొట్టి వచ్చి రాత్రి దీపం ముందు కూర్చుని పేరు రాయడం నేర్చుకున్న తాతలు వాళ్ళు. వాళ్ళ మనవళ్ళే నీ ఆఫీసులో నీకు మేనేజర్లుగా ఉంటారు.

ఇక భాష. ఆఫీసు మెయిళ్ళు ఇంగ్లీషులో, పేపరు ఫ్రెంచిలో, మాట మాత్రం క్రియోల్‌లో, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాషలో. ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు, కానీ నెట్టుకురావడమే అవుతుంది. వెళ్ళిన రోజు నుంచే క్రియోల్ మొదలుపెట్టు. "కి మాన్యేర్?" (ఎలా ఉన్నావ్?) అని అడిగితే "కొరెక్" (బాగున్నా) అను, తప్పో ఒప్పో తర్వాత, నవ్వుతూ దిద్దుతారు. బస్సులో, మార్కెట్లో, ధోల్ పురి, అంటే పప్పు పెట్టి చేసే రొట్టె, అమ్మే బండి దగ్గర నేర్చుకో. ధోల్ పురి రోజూ తిన్నా నాకు విసుగు రాలేదు. హిందువు, ముస్లిం, చైనావాడు, ఆఫ్రికా సంతతివాడు, ఫ్రెంచి దొర, అందరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క భాషే. 2012 దాకా బడిలో దానికి చోటు కూడా లేదు.

తెలుగువాళ్ళ సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా చదువు. నందన కరువు, 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవుని తుడిచిపెట్టిన తుపాను, జమీందారీ శిస్తులు, ఇవన్నీ తరుముతుంటే ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి నుంచీ జనం ఓడలెక్కారు. అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు. వాళ్ళ వారసులు ఈ రోజుకీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రాత్రుళ్ళు దీపం చుట్టూ రామభజనం చేస్తారు. 1940ల్లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. అయితే చాలామందికి తెలుగు మాట్లాడడం రాదు, పాడతారు గానీ మాట్లాడలేరు. "అయ్యో, తెలుగువాళ్ళయ్యుండి తెలుగు రాదా" అని నీ నోట రాకూడదు. ఎవరూ అడగకుండా, నూట యాభై ఏళ్ళకి పైగా ఆ పాటల్ని నోటితోనే నిలబెట్టుకున్నారు. భజనలో పదం పలకడం తేడాగా ఉంటే దిద్దకు, పక్కన కూర్చుని పాడు. ఇంటిపేర్లు చూసి కులం లెక్కలు వెయ్యకు. ఓడ దిగినప్పుడు గుమాస్తా ఎలా విన్నాడో అలా రాసుకున్నాడు, ముత్తాత పేరే తర్వాత ఇంటిపేరైంది. పెళ్ళికి పిలిస్తే తప్పకుండా వెళ్ళు, అరటాకులో ఏడు కూరలు వడ్డిస్తారు, కడుపు ఖాళీగా పెట్టుకుని వెళ్ళు.

నువ్వు లెక్కల మనిషివి కాబట్టి డబ్బు సంగతి. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త, తర్వాత నోబెల్ కూడా వచ్చింది ఆయనకి, ఈ ద్వీపం బాగుపడడం కష్టమని రాశాడు: జనం పెరిగిపోతున్నారు, చెరుకు తప్ప మరో ఆధారం లేదు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది, దానికి ముందు జనవరిలో పోర్ట్ లూయిస్‌లో మతకలహాలు. అలాంటి చోటు నిలబడింది. 1970లో ఎగుమతుల కోసం ఫ్యాక్టరీలు పెట్టేవాళ్ళకి పన్ను రాయితీలిస్తూ చట్టం చేశారు. 1975లో యూరప్‌తో ఒప్పందం కుదిరి, ఏటా 5 లక్షల టన్నుల చక్కెరకి బయటి మార్కెట్ కంటే మంచి ధర గ్యారంటీగా దొరికింది. ఆ చక్కెర లాభాలూ, హాంకాంగ్ నుంచి వచ్చిన పెట్టుబడీ కలిసి బట్టల ఫ్యాక్టరీలయ్యాయి. నేను చూసింది ఆ కాలమే. పొద్దున్నే కంపెనీ బస్సుల కోసం ఊరి చివర వరసగా నిలబడే ఆడపిల్లలు, వాళ్ళ అమ్మలెవరూ జీతం కవరు ముట్టినవాళ్ళు కాదు. 1976 ఎన్నికల వేళ హైస్కూలు చదువు ఉచితమన్నారు, ఆ చదువే నిజమైన పెట్టుబడి అని నా అభిప్రాయం.

ఏ దేశం ఎన్ని బట్టలు ఎగుమతి చేయొచ్చో కట్టడి చేసే ప్రపంచ కోటాలు 2005లో పోయాయి, ఆ వెంటనే యూరప్ చక్కెర ధరని 36 శాతం కోసింది. చక్కెర మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. బో ప్లాన్‌లో అంతకుముందే మూతపడిన మిల్లుని మ్యూజియం చేశారు, సగం రోజు కేటాయించుకుని వెళ్ళు. నువ్వు పనిచేయబోయే ఎబెన్ కూడా ఒకప్పటి చెరుకు పొలమే. ఇండియాతో 1982లో చేసుకున్న పన్ను ఒప్పందం వల్ల అక్కడ కంపెనీ పెట్టి మన షేర్లు కొంటే లాభం మీద ఇక్కడ పన్ను పడేది కాదు. ఏళ్ళ తరబడి మన దేశానికొచ్చిన విదేశీ పెట్టుబడిలో పెద్ద వాటా మారిషస్ నుంచి వచ్చిందంటే కారణం అదే. 2016లో దాన్ని మార్చారు. ఆఫీసులో ఈ విషయం వచ్చినప్పుడు మన వైపు నుంచి మాత్రమే మాట్లాడకు. మనకి అది పన్ను ఎగవేతకి సందు, వాళ్ళకి వేల ఉద్యోగాలు. రెండూ నిజమే.

అక్కడ అంతా బాగుందని కూడా నమ్మకు. బానిసల వారసుల వాడలకి ఈ డబ్బు సరిగ్గా చేరలేదు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దేశమంతా అల్లర్లతో అంటుకుంది. బానిసల నుంచి వచ్చిన సెగా పాట వింటున్నప్పుడు, రవాన్ అనే మేకతోలు డప్పుని నిప్పు దగ్గర కాచి వాయిస్తారు చూడు, అది హోటల్లో టూరిస్టుల కోసం పుట్టింది కాదని గుర్తుపెట్టుకో. ఫ్యాక్టరీ డార్మిటరీల్లో ఇప్పుడు బంగ్లాదేశ్ కుర్రాళ్ళు ఉంటున్నారు, వాళ్ళతోనూ మాట్లాడు. ఒకప్పుడు మారిషస్ కింద ఉన్న చాగోస్ దీవుల నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళు ఎవరైనా కలిస్తే నీ అభిప్రాయం చెప్పడం మాని విను. 1965లో బ్రిటన్ ఆ దీవుల్ని విడదీసి, 1973 కల్లా మనుషులందర్నీ ఓడలెక్కించి పంపేసి, డియేగో గార్సియాని అమెరికా సైన్యానికిచ్చింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అది చెల్లదంది, 2025 మేలో దీవుల్ని తిరిగి అప్పగించే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కానీ ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది ఈలోపే కన్నుమూశారు.

చివరిగా ఒక పని. కొన్నాళ్ళకి ఎవరో ఒకరు నిన్ను అడుగుతారు, మా ముత్తాతది ఏ ఊరో కనుక్కోగలవా అని. తేలిగ్గా తీసుకోకు. మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కూలీల రిజిస్టర్లు అక్కడున్నాయి. కుటుంబం వాళ్ళే వెళ్ళి అడగాలి. తాతముత్తాతల పుట్టిన, పెళ్ళయిన, పోయిన కాగితాలు వరసగా ఉంటే పని సులువవుతుంది. రిజిస్టర్లో నంబరు, తండ్రి పేరు, వయసు, ఓడ పేరు, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి, కొందరికి ఫోటో కూడా. కులం గడి ఉంటుంది, వాళ్ళు అడిగితే తప్ప దాని గురించి ఎత్తకు. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో గుర్తుపట్టలేనట్టు ఉంటుంది, అక్కడే మన అవసరం. పైకి గట్టిగా రెండు మూడు రకాలుగా చదువు, మన చెవికి తగులుతుంది. తగలకపోతే, వాళ్ళని అడిగి ఆ పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊరైతే నేనే బస్సెక్కి వెళ్ళి కనుక్కుంటాను, అక్కడి గుడి, చెరువు ఫోటోలు కూడా పంపిస్తాను.

ఉంటాను. వీసా కాగితాలు రెండు సెట్లు జిరాక్స్ తీయించుకో.

మీ పెదనాన్న