ఇటలీలో వారాంతానికి వెళ్ళదగ్గ, ఎక్కువమంది పట్టించుకోని నగరం ఏది? నా సమాధానం రవెన్నా

ఇటలీలో మాస్టర్స్ చదువుతున్నాననీ, రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్ చూడటం అయిపోయిందనీ, చేతిలో ఉన్న కొద్దిపాటి యూరోలతో ఒక శని, ఆదివారాలు గడిపి రావడానికి పర్యాటకులు అంతగా పట్టించుకోని నగరం ఏదైనా చెప్పమనీ మీరు అడిగారు. బొలోన్యాలో చదువుకున్న కాలంలో నేను సెలవు దొరికినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. ఫెర్రారా, మోదెనా, పార్మా అన్నీ నాకు నచ్చినవే. అయినా ఒక్క ఊరి పేరే చెప్పమంటే రవెన్నా అనే చెబుతాను. అయితే ఒక షరతు ఉంది. చాలామంది పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేయవచ్చని సలహా ఇస్తారు. దయచేసి అలా చేయకండి, ఒక రాత్రి అక్కడే ఉండండి.

అంత చిన్న ఊరికి అంత సంపద ఎక్కడిదో కాస్త తెలుసుకుని వెళితే చూసేది మరింత బాగా బోధపడుతుంది. క్రీ.శ. 402లో హొనోరియస్ చక్రవర్తి పశ్చిమ రోమన్ సామ్రాజ్యపు రాజధానిని మిలాన్ నుంచి రవెన్నాకు మార్చాడు. చుట్టూ చిత్తడి నేలలు ఉండటంతో శత్రుసేనలు అంత తేలికగా చేరుకోలేకపోయేవి. పైగా పక్కనే ఉన్న క్లాస్సే రేవు అగస్టస్ కాలం నుంచీ రోమన్ నౌకాదళానికి స్థావరంగా ఉండేది. 476లో పశ్చిమాన చివరి చక్రవర్తిని ఒడోఏసర్ అనే సేనాని గద్దె దింపింది ఇక్కడే. 493లో ఆ ఒడోఏసర్‌ను చంపి గోతులు అనే జర్మానిక్ తెగ రాజు తియోడోరిక్ పాలనకు వచ్చాడు. 540లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చిన జస్టీనియన్ చక్రవర్తి సైన్యం నగరాన్ని స్వాధీనం చేసుకుంది. రోమన్లు, గోతులు, బైజాంటైన్లు (అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యంవారు) ఒకరి తరువాత ఒకరు ఇక్కడ చర్చిలు కట్టించి, వాటి గోడలనూ కప్పులనూ మొజాయిక్‌లతో, అంటే చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి చేసిన బొమ్మలతో నింపారు. ఆ తరువాత రేవు ఒండ్రుతో పూడిపోయింది, సముద్రం దూరం జరిగింది, నగరానికి ప్రాధాన్యం తగ్గిపోయింది. ఎవరూ పట్టించుకోకపోవడం వల్లనే ఇంత పాత పనితనం మనదాకా మిగిలిందని నా నమ్మకం. 1996లో యునెస్కో ఇక్కడి 8 కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెళ్ళడం సులభం. బొలోన్యా చెంత్రాలే స్టేషన్ నుంచి నేరుగా వెళ్ళే రెజొనాలే (ప్రాంతీయ) రైలులో ప్రయాణం గంటకు కొంచెం పైన పడుతుంది. ఈ రైళ్ళకు ముందుగా సీటు రిజర్వు చేసుకోవలసిన పని లేదు. కాగితపు టికెట్ కొంటే మాత్రం ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గర ఉన్న యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా తప్పదు. స్టేషన్ నుంచి పాత ఊరిలోకి నడిచి వెళ్ళిపోవచ్చు. నేల అంతా సమతలం కనుక ఊళ్ళో అందరూ సైకిళ్ళ మీదే కనిపిస్తారు. ప్రధాన కట్టడాలలో అయిదింటికి కలిపి ఒకే టికెట్ ఇస్తారు, అది కొన్ని రోజులపాటు చెల్లుతుంది. గల్లా ప్లాసిడియా సమాధి మందిరానికీ, నియోన్ బాప్టిస్టరీకీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) టికెట్‌తో పాటు సమయం కూడా ఎంచుకోవాలి కాబట్టి బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. యూనివర్సిటీ కార్డు వెంట ఉంచుకుని రాయితీ అడగండి. చర్చిలలోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి.

శనివారం ముందుగా స్టేషన్‌కు దగ్గరలో ఉన్న సాంత్ అపొలినారె నువోవోకు వెళ్ళండి. ఇది తియోడోరిక్ తన రాజభవనం పక్కన కట్టించుకున్న చర్చి. లోపల ఎడమ గోడ మీద 22 మంది కన్యలు, కుడి గోడ మీద 26 మంది అమరవీరులు బంగారు నేపథ్యంలో వరుసగా నడుస్తూ ఉంటారు. అందరూ వాళ్ళనే చూసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం కుడి గోడ మీద, ద్వారానికి దగ్గరగా ఉన్న రాజభవనం బొమ్మ దగ్గర ఆగండి. స్తంభాల మధ్య తెల్లటి తెరలు కట్టి ఉంటాయి. ఒకప్పుడు ఆ తెరల స్థానంలో మనుషులు ఉండేవారు. తియోడోరిక్, అతని కొలువువారు అయి ఉంటారని పండితులు చెబుతారు. గోతులు ఏరియన్ శాఖ క్రైస్తవులు, అంటే క్రీస్తు తండ్రి అయిన దేవునితో సమానుడు కాడని నమ్మేవారు. బైజాంటైన్లు వచ్చాక ఈ చర్చిని తమ శాఖకు మార్చుకుని, ఆ మనుషుల బొమ్మలను తొలగించి తెరల బొమ్మలు పెట్టించారు. కానీ స్తంభాల మీదికి చాచి ఉన్న చేతులను మాత్రం తీయలేదు. ఈ రోజుకీ తెల్లని స్తంభం మధ్యలో ఎవరిదో తెలియని ఒక అరచేయి, వేళ్ళతో సహా, స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వాన్ని చరిత్రలోంచి చెరిపివేయడానికి చేసిన ప్రయత్నాన్ని ఇంత దగ్గరగా, కళ్ళారా చూసే అవకాశం నాకు మరెక్కడా కలగలేదు.

మధ్యాహ్నం సాన్ విటాలే చర్చి ఆవరణకు వెళ్ళండి. గల్లా ప్లాసిడియా మందిరం అదే ఆవరణలో ఉంటుంది. ఆమె థియోడోసియస్ చక్రవర్తి కూతురు, హొనోరియస్ సవతి చెల్లెలు. 410లో రోమ్‌ను దోచుకున్న గోతులు ఆమెను బందీగా తీసుకుపోయారు. వారి రాజు అథాల్ఫ్ ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. తరువాతి కాలంలో ఆమె తన కొడుకు మూడవ వాలెంటీనియన్ పసివాడుగా ఉండగా అతని పేరున రాజ్యం నడిపింది. 450లో రోమ్‌లో చనిపోయింది కనుక ఆమెను ఇక్కడ పాతిపెట్టి ఉండరని పండితుల అభిప్రాయం. బయటికి అది మామూలు ఇటుక కట్టడం. లోపలికి అడుగుపెడితే నీలి రంగు కప్పు నిండా బంగారు నక్షత్రాలు కనిపిస్తాయి. వెలుగు చొరబడే అలబాస్టర్ అనే రాతి పలుచని పలకలే కిటికీలు కావడంతో వెలుతురు పసుపు ఛాయతో లోపలికి వస్తుంది. రద్దీ కాలంలో ఒక్కొక్క బృందానికి అయిదు నిమిషాలే ఇస్తారు, చీకటికి కళ్ళు అలవాటు పడేసరికే అందులో కొంత సమయం గడిచిపోతుంది. అందుకని ఎండలోంచి నేరుగా వెళ్ళకుండా కాసేపు నీడలో నిలబడండి, ఫోన్ జేబులో పెట్టేయండి. లోపలికి రాగానే అందరి చూపూ ముందుకే వెళుతుంది. గొర్రెల మధ్య కూర్చున్న కాపరిగా క్రీస్తును చూపే అందమైన బొమ్మ మీరు వచ్చిన ద్వారానికి పైన ఉంటుంది, కాబట్టి తప్పకుండా వెనక్కి తిరిగి చూడండి.

547 ప్రాంతంలో ప్రతిష్ఠ జరిగిన సాన్ విటాలే ఎనిమిది మూలల చర్చి. గర్భాలయంలో ఎడమవైపు జస్టీనియన్, కుడివైపు ఆయన భార్య థియోడోరా తమ పరివారంతో నిలబడి ఉంటారు. థియోడోరా వస్త్రం అంచు మీద బాలయేసుకు కానుకలు మోసుకొస్తున్న ముగ్గురు జ్ఞానుల బొమ్మలను నేసినట్టు చూపించారు. అంత చిన్న వివరం కింద నుంచి కనిపించాలంటే చిన్న బైనాక్యులర్ ఉంటే మంచిది. బంగారు మొజాయిక్ ముక్క అంటే రెండు గాజు పొరల మధ్య పలుచని బంగారు రేకు పెట్టి తయారుచేసినది. ఆ ముక్కలను గోడకు సమంగా కాకుండా కొంచెం కొంచెం వాలుగా తడి సున్నంలో గుచ్చారు. అందువల్ల మీరు రెండడుగులు పక్కకు జరిగితే మెరిసే చోటు మారిపోతుంది, మబ్బు పడితే మొత్తం చిత్రమే మారిపోతుంది. ఫొటోలో ఇది ఎంతమాత్రమూ పట్టుబడదు. రాత్రి అక్కడ ఉండమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. మధ్యాహ్నపు వెలుతురులో చూసినదాన్ని మర్నాడు ఉదయపు వెలుతురులో మళ్ళీ చూడాలి. లోపలికి రెండోసారి పంపిస్తారా లేదా అన్నది టికెట్ కొనేటప్పుడే అడగండి.

సాయంత్రం ఇటాలియన్ మహాకవి దాంతే సమాధి దగ్గరికి వెళ్ళండి. 1302లో ఫ్లోరెన్స్ ఆయనను వెలివేసింది. 1321లో ఆయన రవెన్నాలోనే కన్నుమూశారు. తరువాత ఫ్లోరెన్స్ వారు అస్థికలు తమకు ఇమ్మని అడిగితే, ఇక్కడి ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వాటిని దాచివేశారు. 1865లో గోడలో దొరికేదాకా అవి ఎక్కడున్నాయో లోకానికి తెలియలేదు. ఇప్పటికీ ప్రతి సెప్టెంబరులో సమాధి మీది దీపానికి నూనె ఫ్లోరెన్స్ నుంచే వస్తుంది. పక్కనే ఉన్న సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో బలిపీఠం కిందికి తొంగిచూస్తే, భూగర్భజలం నిండిన నేలమాళిగలో పాత మొజాయిక్ నేల మీదుగా చేపలు ఈదుతూ కనిపిస్తాయి.

భోజనానికి పియాదీనా దొరుకుతుంది. మన చపాతీలాంటి రొట్టెలో స్క్వాక్వెరోనె అనే మెత్తని జున్ను, రూకొలా ఆకు పెట్టి ఇస్తారు, ఖర్చు తక్కువ. మీరు శాకాహారులైతే పిండిలో పంది కొవ్వు కలుపుతారని గుర్తుంచుకోండి, ఆలివ్ నూనెతో చేసినది కావాలని చెప్పి అడగండి.

ఆదివారం ఉదయం, వీలైతే సాన్ విటాలేను మళ్ళీ చూశాక, రిమిని వైపు వెళ్ళే రైలు ఎక్కి ఒక్క స్టేషన్ దాటితే క్లాస్సే వస్తుంది. 549లో ప్రతిష్ఠించిన అక్కడి సాంత్ అపొలినారె చర్చిలో పచ్చిక బయలు, చెట్లు, తెల్లని గొర్రెలతో నిండిన పెద్ద మొజాయిక్ ఉంటుంది. ఆదివారం ప్రార్థనలు జరిగే వేళలలో లోపల తిరగనివ్వరు కనుక సమయాలు ముందే చూసుకోండి. తిరిగి వచ్చాక తియోడోరిక్ సమాధిని చూడండి. దాని పైకప్పు మొత్తం ఏడ్రియాటిక్ సముద్రానికి అవతల ఉన్న ఇస్ట్రియా నుంచి తెచ్చిన ఒకే రాయి, వ్యాసం సుమారు 10 మీటర్లు. మీరు వెళ్ళేది నెలలో మొదటి ఆదివారం అయితే ప్రభుత్వ మ్యూజియంలతో పాటు దీనికీ టికెట్ ఉండదు. అక్కడి నుంచి స్టేషన్ దగ్గరే, నడిచి వెళ్ళి సాయంత్రం రైలు అందుకోవచ్చు. వేళ విషయంలో మీకు వీలుంటే ఏప్రిల్, మే నెలలు గానీ అక్టోబరు గానీ ఎంచుకోండి. ఆగస్టులో ఎండ, ఉక్క ఎక్కువగా ఉంటాయి, సముద్రతీరానికి వచ్చే జనంతో గదుల అద్దెలు కూడా పెరుగుతాయి.