ఏడిస్తే ఉద్యోగానికి పనికిరానా?

ప్రశ్న: ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పదకొండు రోజులు చూసుకున్న పెద్దాయన నా డ్యూటీలోనే పోయారు. కన్నీళ్లు ఆగలేదు. ‘ఇలా ఏడిస్తే ఈ పనికి పనికిరావు’ అన్నారు ఇన్‌ఛార్జి సిస్టర్. అప్పట్నుంచి డ్యూటీ అంటేనే టెన్షన్. లోపం నాలోనే ఉందా మేడమ్?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: లేదమ్మా, నీలో ఏ లోపమూ లేదు. నేనూ ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. మొదటి ఏడాది పిల్లల వార్డులో ఒక బాబు పోతే, లినెన్ గదిలో దుప్పట్లు మడతపెడుతూ ఏడ్చాను. హెడ్ నర్సు వచ్చి, ఏమీ అనకుండా దుప్పటి రెండో కొస పట్టుకున్నారు. నాలుగు దుప్పట్లు మడిచాక, ‘నాకూ కష్టంగానే ఉంది’ అన్నారు. ఆ ఒక్క మాటతో మళ్లీ ఇంజెక్షన్ల ట్రే పట్టుకోగలిగాను.

లోపలి బాధ ముఖంలో కనపడనీయకుండా పనిచేయడం కూడా శ్రమే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే విమాన సిబ్బంది పనిని చూపిస్తూ దాన్ని ‘భావోద్వేగ శ్రమ’ అన్నారు. జీతం చీటీలో దానికి గడి ఉండదు, అంతే.

ఈసారి అలా అయితే ముందు నీ బెడ్లు తోటి నర్సుకు అప్పగించు. ‘ఐదు నిమిషాలు కావాలి, బాధగా ఉంది’ అని పైకే చెప్పు. ఇన్‌ఛార్జితో వార్డులో కాదు, డ్యూటీ దిగాక మాట్లాడు. ఆవిడా ఎన్ని చావులు మింగుకుని ఉన్నారో! నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, రాత్రయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.