టెక్ సందేహాలు: తోడి గాంధారం కీబోర్డులో ఎందుకు పలకదు?

డిసెంబరు సంగీత కచేరీల సీజను దగ్గర పడుతుంటే చెన్నైలో నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మామూలు రోజుల్లో ఫోన్ వేడెక్కుతోందనీ, స్టోరేజీ నిండిందనీ రాసేవాళ్లు ఒక్కసారిగా శ్రుతి, గమకం (స్వరాన్ని ఊపడం) అంటారు. ఈసారి ఆ బాపతువే అయిదు.

మా అమ్మాయికి పదమూడేళ్లు, పాట నేర్చుకుంటోంది. కీబోర్డు మీద తోడి వర్ణం వాయిస్తే వాళ్ల టీచర్ నవ్వారట. షాపులో అడిగితే "ఎంపీఈ ఉన్నది తీసుకోండి మేడమ్" అని లక్ష పైన చెప్పారు. అంత అవసరమా? – ఒక అమ్మ, వడపళని

టీచర్ నవ్వడంలో న్యాయం ఉంది, కానీ తప్పు అమ్మాయిది కాదు. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఒకచోట నిలబడదు. కింది రిషభానికీ (రి) పై మధ్యమానికీ (మ) నడుమ ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు తీసేస్తే అక్కడ తోడి లేదు. కీబోర్డు మెట్టుకు ఈ సంగతి తెలీదు. నొక్కితే పలుకుతుంది, వదిలితే ఊరుకుంటుంది.

ఇక ఎంపీఈ. ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష మిడి. అది 1983లో వచ్చింది. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్నవే దానికి ముఖ్యం. స్వరాన్ని వంచే వీలు కూడా ఉంది, కాకపోతే ఒక ఛానల్‌లో ఎన్ని స్వరాలు మోగుతుంటే అన్నీ కలిసే వంగుతాయి. 2018లో ప్రమాణంగా ఒప్పుకున్న ఎంపీఈ ఒక్కో స్వరాన్ని ఒక్కో ఛానల్‌లో పంపి ఈ చిక్కు విప్పింది. మూడు స్వరాలు నొక్కిపట్టి వాటిలో ఒకదాన్నే ఊపొచ్చు.

షాపువాడు చెప్పని ముక్క ఇక్కడుంది. మూడు స్వరాలు ఒకేసారి నొక్కేది కార్డ్స్ వాయించేవాళ్లు. మన వర్ణంలో ఒకసారికి ఒకటే స్వరం. ఎంపీఈ అసలు లాభం మీ అమ్మాయికి అక్కరకు రాదు. ఆమెకు కావలసింది వేలు జరిగితే స్వరం కూడా జరిగే వాయిద్యం. అలాంటివాటిలో పేరున్నది కాంటినమ్. మెత్తటి పట్టీలా ఉంటుంది, మెట్లు ఉండవు. వేలు పక్కకు జరిగితే స్వరం మారుతుంది, నొక్కుడు పెరిగితే నాదం పెరుగుతుంది. కోడంబాక్కంలో స్టూడియో ఉన్న ఏ.ఆర్. రెహమాన్ దీన్ని కచేరీల్లో వాయిస్తుంటారు. చూసి ముచ్చటపడండి, ఇప్పుడే కొనకండి.

ముందు మీ కీబోర్డుకు ఎడమ పక్కన పిచ్ బెండ్ చక్రం ఉందేమో చూడండి. ఉంటే కుడిచేత్తో రిషభం నొక్కిపట్టి, ఎడమచేత్తో చక్రాన్ని పైకి తోస్తూ వదులుతూ గాంధారాన్ని ఊపమనండి. మొదటి వారం సైరన్‌లా ఉంటుంది, ఇరుగుపొరుగుకు ముందే చెప్పుకోండి. చక్రం ఎంత దూరం వంచాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. మామూలుగా రెండు అర్ధస్వరాలు ఉంటుంది (పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక అర్ధస్వరం). రిషభం నుంచి మధ్యమం దాకా వెళ్లాలంటే దాన్ని నాలుగు చేయాలి. ఇంట్లో ఐప్యాడ్ ఉంటే జియోష్రెడ్ యాప్ ప్రయత్నించండి. మహేశ్ రాఘవన్ దాని మీద కర్ణాటక సంగీతం వాయించే వీడియోలు చూపిస్తే పిల్లకు హుషారు వస్తుంది.

ఇంకొక్క మాట. శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని కీబోర్డు మీద అంతర గాంధారం (తోడి గాంధారం కంటే ఒక మెట్టు పైది) వాయించి చూడండి, కాస్త పైకి ఉన్నట్టు వినిపిస్తుంది. అది చెవి భ్రమ కాదు. తంబుర తీగలోంచి సహజంగా పుట్టే గాంధారం కంటే కీబోర్డు గాంధారం సుమారు 14 సెంట్లు ఎక్కువ. అర్ధస్వరంలో వందో వంతు ఒక సెంటు. స్కేల్ ట్యూనింగ్ అనే సెట్టింగ్ ఉంటే అంతమేర దించండి.

"కీబోర్డు మన సంగీతానికి పనికిరాదు" అనే పెద్దలు ఎవరైనా ఎదురైతే పాలకొల్లు గుర్తు చేయండి. మాండలిన్‌లో నాదం నిలవదు, గమకం పలకదు అనేవాళ్లు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు కట్టి, దానికి కరెంటు పెట్టి ఇదే చెన్నైలో వాయించాడు.

ఫోన్‌లో మృదంగం యాప్ వేసుకున్నాను. తట్టిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తోంది. ఫోన్ మార్చాలా? – విద్యార్థి, తాంబరం

వద్దు. చెవిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తీసేయండి. వాటిలో చాలావరకు సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యం చేస్తాయి. సెకనుకు 343 మీటర్లు వెళ్లే శబ్దంతో లెక్కేస్తే, మృదంగం మీకు ముప్ఫై అయిదు నుంచి డెబ్బై మీటర్ల అవతల, వీధి చివర మోగుతున్నట్టు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టండి. ఆ తర్వాత కూడా ఆలస్యం ఉంటే అప్పుడు ఫోన్‌ను అనుమానిద్దాం.

నా శ్రుతి పెట్టె పాతబడింది. ఫోన్ యాప్ చాలంటుంది మా అమ్మాయి. నాది ఒకటిన్నర శ్రుతి. – విశ్రాంత ఉద్యోగి, టి.నగర్

ఎలక్ట్రానిక్ తంబుర మన పక్క ఊరి సరుకే. బెంగళూరు ఇంజినీరు, వేణువు కూడా వాయించే రాజ్ నారాయణ్ 1979లో తయారుచేసి, మన మ్యూజిక్ అకాడమీ సభల్లోనే చూపించారు. ఇప్పటి మంచి యాప్‌లలో ఉండేది అసలు తంబురను రికార్డు చేసిన నాదం. కాబట్టి నాదం మాటకొస్తే మీ అమ్మాయి గెలిచినట్టే.

ఓడేది ఫోన్ స్పీకరు. ఒకటిన్నర శ్రుతిలో (కీబోర్డు లెక్కలో సీ షార్ప్) మంద్ర షడ్జమం, అంటే కింది స్థాయి 'స', సుమారు 69 హెర్ట్జ్. వేలెడంత స్పీకరు దాన్ని పలకలేదు. మీకు వినిపించేది పై పొరలే, అడుగు ఉండదు. వైరుతో ఒక మోస్తరు స్పీకరు తగిలించండి.

ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు. మైలాపూర్‌లో ఒక స్నేహితుడి ఇంటి కచేరీకి నా ఫోన్ తంబురగా పెట్టాను. ఆలాపన మంచి పట్టులో ఉండగా పార్శిల్ తెచ్చినవాడు గేటు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. తంబుర ఆగిపోయి రింగ్‌టోన్ మోగింది, అదీ వేరే శ్రుతిలో. గాయకుడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఏఐతో చేసిన పాటను మా యూట్యూబ్ ఛానల్‌లో వాడొచ్చా? – పేరు వద్దన్నారు

సునో లాంటి, పాటలు కట్టే ఏఐ యాప్‌లలో ఉచిత ఖాతాతో చేసిన పాటకు వాణిజ్య హక్కులు రావు. ఛానల్‌కు డబ్బులొస్తుంటే వాడకండి. 2024 జూన్‌లో అమెరికా రికార్డు కంపెనీలు సునో, ఉడియోల మీద కేసులు వేశాయి కూడా. మీ వీధిలో కీబోర్డు వాయించే కుర్రాడికి రెండు వేలు ఇస్తే మీ కోసమే ఓ ట్యూను కడతాడు.

మా అమ్మమ్మ పాడిన క్యాసెట్ దొరికింది. వయొలిన్, మృదంగం కలిసిపోయి ఉన్నాయి. ఏఐతో ఆవిడ గొంతు ఒక్కటే తీయొచ్చా? – అంబత్తూరు

తీయొచ్చు, పూర్తిగా కాదు. డీమక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాటను గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని నాలుగుగా విడగొడుతుంది. ఇలాంటివాటికి చదువు చెప్పడానికి ఎక్కువగా వాడింది పాశ్చాత్య పాటలు. మృదంగం శ్రుతితో మోగుతుందని వాటికి తెలీదు, అందుకే కొన్ని దెబ్బలు ఒక ముక్కలోకి, కొన్ని ఇంకో ముక్కలోకి చెదిరిపోతాయి. గొంతు వెంటే నడిచే వయొలిన్ గొంతులోకి జొరబడుతుంది. నీడలా వినిపిస్తుంది, దానికి సిద్ధపడండి.

ఏఐ కంటే ముందు క్యాసెట్ సరిగా ఎక్కించాలి. స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయొద్దు. టేపు రికార్డరు రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, రిచీ స్ట్రీట్ వైపు మార్చేవాళ్లను వాకబు చేయండి. హెడ్డు మీద పేరుకున్న గోధుమరంగు మడ్డిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిపించండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, వేవ్ ఫైలుగా దాచండి.

టేపు అప్పటి వేగంతోనే తిరుగుతోందా? ఆవిడ గొంతు వెనక సన్నగా కరెంటు గుయ్యిమనే శబ్దం ఉందేమో వినండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆడాసిటీ స్పెక్ట్రమ్‌లో ఆ శబ్దం 52 దగ్గర కనిపిస్తే టేపు దాదాపు నాలుగు శాతం వేగంగా తిరుగుతోందని అనుమానించాలి. టేపు ఆపినా గుయ్యిమంటుంటే అది మీ ఇంటి కరెంటు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ రోజుల్లో మన గ్రిడ్ కూడా 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు. అందుకే చివరి మాట మీ అమ్మగారిని అడగండి. వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ వినిపిస్తుంటే, "ఇదీ అమ్మ గొంతు" అని ఆవిడ ఎక్కడ అంటారో అక్కడ ఆపండి.