మీటర్ రీడింగ్‌కి రాండమ్ నంబర్ కలిపితే సరిపోతుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లకీ స్మార్ట్ మీటర్లు పెట్టారు, అరగంటకోసారి రీడింగ్ వెళ్తుంది, నీళ్లకీ అలాంటి మీటరే. ఆ డేటా ఒక కరెంటు ఆదా యాప్ వాళ్లకి ఇస్తారట. ప్రతి రీడింగ్‌కీ ఏదో ఒక రాండమ్ నంబర్ కలిపే ఇస్తాం, మీ ఇంట్లో సంగతులు ఎవరికీ తెలీవు అంటున్నారు. నమ్మొచ్చా అండీ?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అంత తేలిగ్గా నమ్మకండమ్మా. మీటర్ ఒక్కటి చూసి ఇంట్లో ఏ మెషీన్ ఎప్పుడు ఆన్ అయిందో పట్టే పద్ధతి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జార్జ్ హార్ట్ 1980ల్లోనే చేసి చూపించాడు. దానికి ఇంకా దగ్గర దగ్గర రీడింగులు కావాలి, నిజమే, కానీ గీజరూ ఏసీ అరగంట రీడింగ్‌లో కూడా దాక్కోవు.

2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే 1 యూనిట్. వాళ్లు రీడింగ్‌ని సుమారు అర యూనిట్ అటూ ఇటూ జరిపారనుకోండి, ఒక్కరోజుది చూస్తే ఖాయంగా చెప్పలేం. కానీ మీరు రోజూ పొద్దున అయిదున్నరకే వేస్తారు కదా, 30 రోజులవి సగటు తీస్తే ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోయి ఆ తేడా కాస్తా 0.1 యూనిట్ లోపుకొస్తుంది, గీజర్ మాత్రం అక్కడే కూర్చునుంటుంది. పైగా అదే టైమ్‌కి నీళ్ల మీటరూ తిరుగుతుంది. మేలో అన్ని ఫ్లాట్ల ఏసీలూ ఒకేసారి లేస్తాయి. అసలు డేటా అంతా కలిసి నడుస్తుంటే కలిపిన అంకెలు తలోదిక్కూ పోతుంటాయి, బియ్యంలో నల్లరాళ్లలాగా ఏరి పారేయడం సులువు.

ఏరలేకుండా ఉండాలంటే రాయి కూడా బియ్యం రంగులోనే ఉండాలి. అంటే కరెంటు రీడింగ్‌ని పైకి జరిపితే నీళ్లదీ దాంతోపాటే జరపాలి. ఇదొకసారి సెట్ చేసి వదిలేసేది కూడా కాదు, జనవరిలో గీజరుకీ నీళ్లకీ ఉన్న లింకు మేలో ఉండదు, అప్పుడు ఏసీలది రాజ్యం. ఏ మీటర్ దేంతో కలిసి కదులుతోందో ఎప్పటికప్పుడు చూస్తూ నాయిస్‌ని, అంటే ఆ కలిపే రాండమ్ నంబర్లని, దాని వెంటే మార్చాలి, 2007లోనే దీనిమీద రీసెర్చ్ పేపర్ వచ్చింది. మీ యాప్ వాళ్లు అంత చేస్తారా అంటే నాకైతే అనుమానమే.

అసలు ఫ్లాట్లవారీగా ఎందుకు, 40 ఇళ్లదీ కలిపి ఒక్క అంకె ఇస్తే మీకేం తక్కువ అని అడగండి. తప్పదంటే రోజుకొక్క రీడింగ్ చాలనండి. అయినా సంక్రాంతికి మీరు ఊరెళ్లిన మూడు రోజులు అందులోనూ కనబడతాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.