గేటుకు గ్రీజు ఖర్చు దండగా?

ప్రశ్న: సార్, గుండ్లకమ్మ కాలువ కింద మాకు రెండెకరాలుంది. పాత గేట్లకు, కాలువలకు కోట్లు పోసే బదులు ఆ డబ్బు రైతుల ఖాతాల్లో వేస్తే పోదా? మా తాతల కాలంలో చెరువులు ఊరోళ్లే బాగుచేసుకునేవాళ్లట కదా!
– ఒక యువ రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: డబ్బులు మీ ఖాతాలో పడ్డాయనే అనుకుందాం. విత్తనాలు కొంటారు, ఎరువులు కొంటారు. మరి నీళ్లు ఎవరి దగ్గర కొంటారు?

మల్లవరం దగ్గర మన గుండ్లకమ్మ గేటు 2022లో కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో, మిగ్‌జాం తుపాను వెళ్లిన రోజుల్లోనే, ఇంకో గేటు పోయింది. ప్రాజెక్టు నిండితే పట్టేది 3.86 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. 80 వేల ఎకరాల ఆయకట్టుకని కట్టిన ప్రాజెక్టు నీళ్లు సముద్రం పాలయ్యాయి. పైగా అది 2008లో ప్రారంభమైందే. అటు నెల్లూరు ఆనకట్ట చూడండి, 1855 నాటిది. వరదలకు దెబ్బతింటే బాగుచేసుకుంటూ వచ్చారు, 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమయ్యేదాకా పెన్నా డెల్టాకు నీళ్లిచ్చింది.

నేను ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాలువ గేట్లు చూసుకునే మా లస్కరు నన్నొక తూము దగ్గరికి తీసుకెళ్లి, షట్టరు కింది అంచును గోటితో గీకి చూపించాడు. తుప్పు అప్పడంలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. షట్టరును ఎత్తే స్క్రూ రాడ్డు బిగుసుకుపోయి ఇద్దరం తిప్పినా కదల్లేదు. రాడ్డుకు, గ్రీజుకు, రంగుకు ఎస్టిమేటు రాసి పంపాను. నిధులు లేవని తిప్పి పంపారు. మరుసటి వర్షాలకు షట్టరు తెరుచుకోక కట్టకు గండి పడింది. ఆ రాత్రి ఇసుక బస్తాలకూ ట్రాక్టర్లకూ అయిన ఖర్చు నా ఎస్టిమేటుకు ఎన్ని రెట్లో! పొట్ట మీదున్న వరి మునిగిపోయిన రైతు ఒక్కమాటా అనకుండా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. దిగువనున్న ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, మనుషులు పోయారు. గేటు మరమ్మతు ఖర్చు గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ముందు ఆ ఊళ్లే గుర్తొస్తాయి.

ఇక తాతల కాలం సంగతి. పూడిక తీయడం, కట్టకు మట్టి పోయడం, పిల్లకాలువలో తూటికాడ పీకడం ఊరు చేసుకోగలదు. ఇప్పటికీ చేసుకోవాలి, అందులో మీ మాట నిజం. కానీ టన్నుల బరువున్న గేటు దించాలంటే క్రేన్లు కావాలి, ఆ పని తెలిసిన నిపుణులు కావాలి. రెండెకరాల రైతులు చందాలేసుకుంటే అయ్యే పనా అది? అందుకే అది ప్రభుత్వమే పెట్టాల్సిన డబ్బు. అదీ గేటు ఊడాక హడావుడిగా కాదు, ఏటా బడ్జెట్లో పక్కన పెట్టాలి.

ఈ వేసవిలో కాలువ కట్టేశాక మీ తూము దగ్గరికి వెళ్లి షట్టరు కింది అంచు చూడండి. తుప్పు ఊడొస్తుంటే ఫోటో తీసి, నీటి సంఘం అధ్యక్షుడితో సంతకం పెట్టించి అర్జీ ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి.