రివాల్వర్ పోటీలకు తూటాలు సొంతంగా ఎందుకు నింపుకుంటారు?

ప్రశ్న: అమెరికాలో మా బావ రివాల్వర్ పోటీలకు తూటాలు ఇంట్లోనే (ఖాళీ గొట్టంలో మందు, బుల్లెట్ పెట్టి) నింపుకుంటాడట. కొంటే సరిపోదా? మన తిరుపతిలో అలా చేయొచ్చా?

కొనొచ్చు, కానీ షాపు తూటా ఆ ఆటకి సరిగ్గా అతకదు. తిరుమల లడ్డూకి దిట్టం ఉన్నట్టే ఇక్కడ పవర్ ఫ్యాక్టర్ అని ఒక లెక్క ఉంది. గ్రెయిన్లలో (చిన్న తూకపు కొలత) బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరిపోయే ముక్క, బరువుని సెకనుకు అడుగుల్లో వేగంతో గుణించి 1000తో భాగిస్తారు. అక్కడి యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీల్లో మైనర్ అనే తక్కువ శక్తి వర్గానికి కనీసం 125 రావాలి. 158 గ్రెయిన్ల బుల్లెట్ 850 అడుగుల వేగంతో పోతే 134, పాసే. తగ్గితే స్కోరే ఉండదు. మరీ ఎక్కువైతే చెయ్యి ఎగురుతుంది, తర్వాతి గురి ఆలస్యం. ఇంట్లో నింపుకుంటే ఈ లెక్క తనకి కావాల్సినట్టు కుదుర్చుకోవచ్చు.

నన్నడిగితే అసలు కిటుకు కేసులోనే, అంటే మందు నింపే ఆ గొట్టంలోనే ఉంది. తూటా రకాల్లో .38 స్పెషల్ కేసు పొడవు సుమారు 29 మిల్లీమీటర్లు, .38 షార్ట్ కోల్ట్‌ది 19. షార్ట్ కోల్ట్‌వి పొట్టివి కాబట్టి ఖాళీ కేసులు మూన్ క్లిప్‌తో (తూటాలన్నీ కలిపి పట్టుకునే పలుచని రేకు) సహా ఒక్క తోపుకి బయటపడతాయి, కొత్తవి ఇట్టే దిగుతాయి. రీలోడ్‌లో పోయే సెకన్లే రివాల్వర్ వాళ్లకి పెద్ద టెన్షన్. ట్రిగ్గర్ తేలిక చేయించుకున్నవాళ్లకి మెత్తని ప్రైమర్ (కేసు అడుగున దెబ్బ తగిలి మందుని అంటించే బిళ్ల) కూడా కావాలి, ఎందుకంటే వాటి దెబ్బ మెల్లగా పడుతుంది.

ఇక్కడ మాత్రం కుదరదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. తుపాకీ లైసెన్సు చూపిస్తే చాలదు.