తేజస్ యుద్ధ విమానం తయారీలో మన వైపు కంపెనీల పాత్ర ఏమిటి?

నల్లగొండలో మెకానికల్ డిప్లొమా చేస్తూ ఈ ప్రశ్న అడిగారు కాబట్టి మీకు పనికొచ్చేలా చెప్తాను.

తేజస్ చివరి బిగింపు ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ చేస్తుంది. కానీ విమానం అక్కడికి పెద్ద పెద్ద భాగాలుగా చేరుతుంది. తేజస్‌లో మెరుగుపరిచిన రకమైన మార్క్ 1ఏ రెక్కలు కోయంబత్తూరులో ఎల్ అండ్ టీ చేస్తుంది. నడుమ భాగం హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్‌ది. మొదటిదాన్ని 2025 మే చివర్లో అప్పగించింది. టైటానియం వంటి ప్రత్యేక లోహాలకు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ సంస్థ మిధాని ఉంది.

మీకు దగ్గర్లో, సాగర్ రోడ్డు వైపు ఉన్నది ఆదిభట్ల. అక్కడ టాటా వాళ్లు లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి ఎఫ్-16 రెక్కలు, బోయింగ్‌తో కలిసి అపాచీ హెలికాప్టర్ బాడీలు చేస్తున్నారు. అవి తేజస్ పనులు కావు, చాలామంది కలిపేస్తుంటారు.

ఈ పెద్ద కంపెనీల వెనక చిన్న మెషిన్ షాపులు ఉంటాయి. ముక్కను మైక్రాన్ల లెక్కన కోయడం ఒక ఎత్తు. అది ఏ లోహపు దిమ్మె నుంచి వచ్చింది, ఏ మెషిన్ మీద తయారైంది, ఎవరు కొలిచారు అని రికార్డు చూపించడం ఇంకో ఎత్తు. నా దృష్టిలో రెండోదే కష్టం. కాగితాలు లేని బోల్టు ఎంత బాగున్నా విమానం ఎక్కదు.

ఇంజిన్ మాత్రం అమెరికా జీఈ కంపెనీ ఎఫ్404. మార్క్ 1ఏ ఆలస్యానికి అవి లేటుగా రావడం ఒక పెద్ద కారణం. అందులో మన షాపుల చేతిలో ఏమీ లేదు.

మీరైతే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్) ప్రోగ్రామింగ్‌తో పాటు, ముక్కల కొలతలను కచ్చితంగా సరిచూసే సీఎంఎం మెషిన్ మీద కొలతలు తీయడం కూడా నేర్చుకోండి.